పైచెయ్యి మాట

మా ఆయనకు మాటలు తక్కువ, కోపం ఎక్కువ. కూరలో ఉప్పు తగ్గినా నోరు తెరిచి చెప్పడు, కంచం కాస్త ముందుకు జరుపుతాడు. మిగతాది నేనే అర్థం చేసుకోవాలి. అలాంటి మనిషి పనిలోకి దిగితే మాత్రం వీధి చివరికి వినపడేలా రెండు మాటలు అరుస్తాడు: "పట్టు", "వదులు". పెద్ద భవనాలకు అద్దాలు బిగించే మేస్త్రి ఆయన. ఊళ్ళో చాలామందికి ఆయన అసలు పేరు తెలియదు, పట్టు మేస్త్రి అంటేనే తెలుస్తుంది. ఆ పేరు తగిలించింది నా తమ్ముడు.

మా పనిలో ఉండేది ముగ్గురం. నా తమ్ముడికి నలభై దాటినా ఇంటిల్లిపాదికీ వాడు చిన్నోడే. ఏ ఉద్యోగంలోనూ కుదురుగా ఉండక ఇంట్లో చీవాట్లు తింటున్న రోజుల్లో, "రేపట్నుంచి నాతో రా" అని తీసుకెళ్ళింది మా ఆయనే. అప్పటి నుంచి వాడు ఇంకెక్కడికీ పోలేదు. ఇక నేను. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక సిలికాన్ గన్ పట్టుకున్నాను. అద్దానికీ చట్రానికీ మధ్య సందులు పూడ్చేది నేను. నా చేతి గీత వాళ్ళిద్దరి గీతల కంటే శుభ్రంగా ఉంటుంది. ఇద్దరూ ఒప్పుకోరు, అది వేరే సంగతి.

పరంజా మీద పై చెక్క ఎక్కేవాణ్ణి మేం పైచెయ్యి అంటాం, కింది చెక్క మీద ఉండేవాణ్ణి కిందిచెయ్యి. అద్దం అడుగు అంచును చట్రం గాడిలో కూర్చోబెట్టాక, పైచెయ్యి తన చేతులు రెండూ తల మీదికెత్తి పై అంచును చట్రంలోకి నొక్కాలి. అలా నొక్కిపట్టే, ఒక చేత్తో ఇనుప బిళ్ళ పెట్టి, దాని మర తిప్పి బిగించాలి. అంతవరకూ కిందిచెయ్యి, గాజుకు అతుక్కునే రబ్బరు పిడులతో అద్దాన్ని మధ్యలో అదిమి పట్టుకుంటాడు. "పట్టిందా బావా?" అని చిన్నోడు అడుగుతాడు. బిళ్ళ బిగిస్తే పైనుంచి "పట్టేసింది" అని వినిపిస్తుంది. ఆ మాట చెవిన పడగానే వాడు పిడులు ఊడదీసి, కిందికి వంగి, పెట్టెలోంచి తర్వాతి బిళ్ళలు ఏరుకుంటాడు. అప్పుడు వాడి తల మీద ఇద్దరు మనుషుల బరువున్న గాజు ఉంటుంది. ఆ ఒక్క మాటను నమ్మి వాడు దాని కింద వంగుతాడు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. అద్దం గాల్లో ఉన్నంతసేపు, అంటే బిళ్ళ బిగిసేదాకా, మూడో మనిషి నోరు మెదపకూడదు. కొత్తలో ఒకసారి నేను భయపడి "జాగ్రత్త" అని కేకేశాను. ఆ రోజంతా మా ఆయన నాతో మాట్లాడలేదు. ఇంటికొచ్చాక, "జాగ్రత్త అంటే ఎవరికే? నాకా, వాడికా, అద్దానికా?" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. కానీ మర్నాటి నుంచి నోరు మూసుకునే నిలబడ్డాను.

ఆయన భుజం సంగతి నాకు దువ్వెన వల్ల తెలిసింది. తల దువ్వుకునేటప్పుడు దువ్వెన ఎడమ చేతిలోకి మారింది. పాపిడి వంకరగా వస్తోంటే, "ఏమిటండీ, వయసుకు తగని సోకు" అని వేళాకోళం చేశాను. నవ్వలేదు. ఆ తర్వాత పై అరలో ఉండే ఆయన గ్లాసు కింది అరలోకి దిగింది. చొక్కా వేసుకోవడానికి స్నానం కంటే ఎక్కువసేపు పట్టసాగింది. ఒకనాడు భుజం మీద సున్నపు పొడి దులపబోతే, కాలిన పెనం తగిలినట్టు వెనక్కి గెంతాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదు. భుజం కాస్త పట్టేసింది."

"ఎన్నాళ్ళయింది?"

"పని చూసుకోవే."

డాక్టరు దగ్గరికి రమ్మంటే వచ్చే ఘటం కాదు. నా మోకాలు నొప్పి అని చెప్పి తీసుకెళ్ళాను. గది లోపలికి వెళ్ళాక, రోగి కుర్చీని ఆయన వైపు తోసి నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. గుడ్లురిమాడు. పరాయి మనిషి ముందు నన్నేమీ అనలేక కూర్చున్నాడు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. చెయ్యి పక్కనుంచి పైకెత్తమంది. సగం దాకా లేచింది. ఆ పైన చెయ్యి లేవలేదు, భుజమే చెవి దాకా లేచింది. తనే చెయ్యి పట్టి పైకెత్తి, "ఇప్పుడు మీరే మెల్లగా దించండి" అని వదిలింది. చెయ్యి దిగలేదు, దబ్బున పడిపోయింది.  ఆ చేతి కింద నా తమ్ముడు రోజూ నిలబడుతున్నాడు.

ఎక్స్‌రే, స్కాన్ అన్నీ అయ్యాక మళ్ళీ వెళ్ళాం. డాక్టరమ్మ ప్లాస్టిక్ ఎముకల బొమ్మ ఒకటి బల్ల మీద పెట్టింది.

"వీపు మీద ఈ పలక ఉంది చూశారా, ఇది రెక్క ఎముక. దీని కొస ఇలా వంపు తిరిగి వచ్చి భుజానికి పైకప్పులా నిలబడుతుంది. అక్రోమియన్ అంటాం. దాని కింద ఈ గుండు, మీ చెయ్యి ఎముకది. రెండిటికీ మధ్య సందు ఎంతుందో చూడండి, వేలు కూడా పట్టదు. పైన ఉండే నరం ఆ సందులోంచే వెళ్తుంది."

"నరం తెగిందా?" అన్నాను.

"మనం వాడుకలో నరం అంటాం గానీ ఇది కండని ఎముకకి కట్టే పట్టీ అండి. ఇలాంటివి నాలుగు కండలున్నాయి. వాటి పట్టీలన్నీ కలిసి చొక్కా కఫ్ చేతిని చుట్టినట్టు ఈ గుండుని చుట్టుకుంటాయి. అందుకే రొటేటర్ కఫ్ అని పేరు. గుండు కూర్చునే గిన్నెకి అసలు లోతే లేదు చూడండి, సాసరులా ఉంది. గుండు అందులోంచి జారకుండా అదిమి పట్టేది ఈ కఫ్పే."

తర్వాత ఎక్స్‌రేను వెలుగుకు పెట్టి పెన్నుతో చూపించింది. మా ఆయనకు ఆ పైకప్పు మామూలు కంటే ఎక్కువగా బయటికి పొడుచుకొచ్చింది. కొసన కొంచెం కిందికి వంగింది కూడా. నాకు మా పాత ఇంటి చూరు గుర్తొచ్చింది. పొడుగువాళ్ళు ఎవరొచ్చినా దానికి తల కొట్టుకునేవాళ్ళు.

"భుజం మీద గుండ్రంగా కనిపించే పెద్ద కండ ఈ అంచు నుంచే మొదలవుతుంది. అంచు ఇంత బయటికుంటే ఆ కండ గుండుని నిలువుగా పైకి లాగుతుంది. అలా పైకి పోకుండా గిన్నెలో ఉంచడానికి కఫ్ ఇంకా గట్టిగా పని చెయ్యాలి. మీరేమో రోజంతా చేతులెత్తే ఉంటారు. అరిగి అరిగి, పీచులు లేచి, పైనున్న పట్టీ తెగింది. ఆ మందం మొత్తం తెగింది."

అంతసేపూ కిమ్మనని మనిషి అప్పుడు మాట్లాడాడు. "అంటే ఎముక వల్లేగా? నేను చేసిందేం లేదుగా?"

"అలా తేల్చి చెప్పలేమండీ. ఇలాంటి ఎముక ఉన్నవాళ్ళందరికీ తెగదు. తెగినవాళ్ళలో ఇలాంటిది కాస్త ఎక్కువగా కనిపిస్తుంది, అంతవరకే చెప్పగలను. ఈ కొస వంపు మొదట్నుంచీ ఉందో, లాగి లాగి తర్వాత పెరిగిందో కూడా తెలీదు. వయసు, పని, ఎముక, అన్నీ తోడయ్యాయి." ఆవిడ పెన్ను బల్ల మీద పెట్టింది. "ఆపరేషనా, వ్యాయామాలా అన్నది మెల్లగా చూద్దాం. తల పైకి చెయ్యెత్తి బరువు పట్టడం మాత్రం ఇవాళ్టితో ఆపెయ్యాలి. నొప్పిని ఓర్చుకోవచ్చులే అనుకోకండి. ఉన్నట్టుండి చేతిలో బలం పోతుంది. ముందుగా చెప్పి పోదు."

దారిలో ఆయన ముఖం కాస్త తేటపడింది. తప్పు ఎముక మీదికి నెట్టేశాడు కదా! "మా అక్కకీ ఇంతే. తాడు మీద బట్టలు ఆరెయ్యలేదు. అదెప్పుడైనా అద్దం మోసిందా? మా ఇంటి ఎముకే అంత" అన్నాడు, అదేదో బిరుదులా.

"బాగుంది. ఇల్లు పంచుకునేటప్పుడు అక్కాతమ్ముళ్ళు కొట్టుకున్నారు గానీ ఎముక మాత్రం సమానంగా పంచుకున్నారు" అన్నాను. నవ్వాడు. ఆ నవ్వు పూర్తి కాకుండానే అడిగాను. "చిన్నోడికి ఎప్పుడు చెబుతున్నారు?"

"చెబుతా."

"ఎప్పుడు?"

"చెబుతానన్నానుగా."

"మీరు చెప్పకపోతే నేను చెబుతాను."

నడుస్తున్నవాడు ఆగిపోయాడు. "నువ్వు చెబితే నేనింక పనిలోకే వెళ్ళను. వాడికి నేనే చెప్పాలి."

అప్పుడు మేం పని చేస్తున్న కొత్త లైబ్రరీలో, మెట్ల హాలుకు పై వరుస అద్దాలు మిగిలి ఉన్నాయి. అవి ఎక్కించే రోజు పొద్దున బూట్లు వేసుకుంటూ, తలెత్తకుండా, "చెప్పేశా. పైన వాడే ఎక్కుతానన్నాడు" అన్నాడు. నేను నమ్మాను. నమ్మితే నాకు తేలిగ్గా ఉంటుంది కాబట్టి నమ్మాను.

లైబ్రరీలో నేను వ్యాన్ దగ్గర సిలికాన్ ట్యూబులు సర్దుకొని పరంజా ఎక్కేసరికి, కప్పీతో అద్దం పైకి వచ్చేసింది. అడుగు అంచు గాడిలో కూర్చుంది. తాళ్ళు తీసేశారు. కింది చెక్క మీద చిన్నోడు కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు పిడులతో అద్దాన్ని అదిమి, సన్నగా ఈల వేస్తున్నాడు. నన్ను చూసి కన్నుగీటాడు. నేను తలెత్తాను. పై చెక్క మీద మా ఆయన బూట్లు.

 ఈయన వీడికేమీ చెప్పలేదు. పొద్దున నా ముఖం చూడకుండా అబద్ధమాడాడు. అరుద్దామని నోరు తెరిచి మూసేశాను. అద్దం గాల్లో ఉంది. ఇప్పుడు నేనొక్క కేక వేస్తే, ఇద్దరిలో ఎవరు ఉలిక్కిపడినా అది వచ్చి తమ్ముడి మీదే పడుతుంది. ఎలాగో ఈ ఒక్క అద్దం ఎక్కిపోతే చాలు, మిగతాది కిందికి దిగాక తేల్చుకుంటాననుకున్నాను. మొగుడి మీద ఎంత కోపమొచ్చిందో, ఆయన చెయ్యి నిలబడాలని అంతగా కోరుకున్నాను.

చెక్కల సందులోంచి ఆయన నాకు కనిపిస్తున్నాడు, చిన్నోడికి కనిపించడు. ఎడమ అరచెయ్యి అద్దం మీద ఉంది. కుడి చేతిలో బిళ్ళ. ఆ చెయ్యి సగం దాకా లేచి ఆగింది. డాక్టరమ్మ గదిలోలాగే భుజం చెవి దాకా పోయింది. నడుము వెనక్కి విరిచి, ఒళ్ళంతా ఊపి ఆ చేతిని పైకి విసిరాడు. బిళ్ళ చట్రానికి తగిలింది.

"పట్టిందా బావా?" అన్నాడు చిన్నోడు.

మా ఆయన ముఖం పాలిపోయింది. "అమ్మా... పట్టేసింది!" అని అరిచాడు.

చిన్నోడు వెంటనే టప్ టప్ మని పిడులు రెండూ ఊడదీశాడు. వాటిని చెక్క మీద పెట్టి, బిళ్ళల పెట్టె మీదికి వంగాడు.

పట్టేసింది బిళ్ళ కాదు, భుజం. ఆ సంగతి అక్కడ నాకొక్కదానికే తెలుసు. అద్దం పై అంచుకూ చట్రానికీ మధ్య సన్నటి వెలుగు గీత కనబడింది. చూస్తూండగానే అది లావవుతోంది. మా ఆయన ఎడమ చేత్తో, నుదుటితో అద్దాన్ని ఆపుతున్నాడు. కుడి చెయ్యి పక్కన వేలాడుతోంది.

గన్ ఎక్కడ పారేశానో తెలియదు. రెండు చేతులూ అద్దానికి ఆనించి, "చిన్నోడా!" అని అరిచాను.

వాడు వంగినవాడు వంగినట్టే తల తిప్పి చూశాడు. తన మీదికి వాలుతున్న గాజును చూసి, లేస్తూనే అరచేతులు దానికి ఆనించాడు. పిడులు కాళ్ళ దగ్గరున్నాయి. వాటి కోసం ఒక చెయ్యి తీసే వీలు లేదు.

"బావా! పట్టిందన్నావు కదా!"

"పట్టలేదు... ఆగు. ఇప్పుడు బిగిస్తా."

"బిగించు మరి!"

"బిగిస్తున్నారా."

బిగించడం లేదు. కుడి చెయ్యి కదలడం లేదు. వేళ్ళలోంచి జారిన బిళ్ళ చెక్క మీద పడి, కింద మెట్ల మీద ఖంగుమని మోగుకుంటూ పోయింది. చిన్నోడు ఆ చప్పుడు విన్నాడు. గాజు మీది దుమ్ముకు నా అరచేతుల చెమట తోడై చేతులు జారుతున్నాయి. వెలుగు గీత బెత్తెడు వెడల్పయింది.

"బావా, పైన ఏం జరుగుతోంది?"

మా ఆయన నుదుటిని అద్దానికి ఇంకా గట్టిగా అదిమాడు. మాట నా నాలుక చివరే ఉంది. కానీ నేను చెబితే ఈయన "నోర్ముయ్యవే" అంటాడు, వాడు ఎవర్ని నమ్మాలో తేల్చుకోలేక ఒక్క క్షణం ఆగుతాడు. ఆ క్షణం మా దగ్గర లేదు. వాడు కదిలేది ఆయన మాట మీదే.

"ఏమండీ, వాడికి చెప్పండి" అన్నాను.  "మీరే చెప్పండి."

"కుడి చెయ్యి లేదురా" అన్నాడు మా ఆయన.

"ఏంటి?"

"లేవట్లేదు. లోపల తెగిపోయింది. ఎత్తొద్దని డాక్టరు చెప్పింది. తెలిసే ఎక్కాను."

 చిన్నోడేం తిట్టలేదు. "అక్కా, నా చోట్లోకి జరుగు. చేతులు కాదు, వీపు ఆనించు. మడమలు చెక్క అంచుకి తన్నిపెట్టు" అన్నాడు. వాడిలో అలాంటి గొంతు ఉందని నాకు తెలియదు. నేను వీపు ఆనించాను. అంత బరువు మోస్తారని ఇన్నేళ్ళూ చూడ్డమే తప్ప నాకు తెలియదు. నా వెన్ను ఒక్కో పూసా కిందికి నొక్కుకుపోతున్నట్టుంది. వాడు ఒక పిడి అందుకొని నిచ్చెన ఎక్కాడు.

"బావా, ఎడమ చెయ్యి అలాగే ఉంచు. నేను చెప్పేదాకా తియ్యకు."

"ఒరేయ్, నువ్వెప్పుడూ పైన—"

"మాట్లాడకు. అద్దం గాల్లో ఉంది."

మా ఆయన నోరు మూసుకున్నాడు. పైన టప్ మని పిడి అతుక్కున్న చప్పుడు, వాడి మూలుగు. నా వీపు మీది బరువు కొంచెం తేలికపడింది, ఇంకొంచెం తేలికపడింది. మర తిరుగుతున్న కీచుమనే శబ్దం, ఆగి, మళ్ళీ ఇంకొకటి.

"వదులు బావా."

మా ఆయన వదల్లేదు.

"పట్టేసింది. వదులు."

అప్పుడు వదిలాడు. నేను మాత్రం కాసేపటిదాకా అద్దం దగ్గర్నుంచి కదల్లేకపోయాను.

కిందికి దిగి ముగ్గురం మెట్ల మీద కూర్చున్నాం.  చిన్నోడు చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు. మా ఆయన కుడి చేతిని ఎడమ చేత్తో ఒళ్ళో పెట్టుకొని, కాసేపటికి మొదలుపెట్టాడు. "ఎముకే అలా ఉందట్రా. భుజం పైకప్పు బయటికి పొడుచుకొచ్చిందట. నరానికి ఎడం లేక—"

"ఎముక దేవుడిచ్చాడు, సరే" అన్నాడు చిన్నోడు. "నోరెవరిచ్చారు బావా?"

 నేను వాడి వైపే ఉన్నాను. పైచెయ్యి పదవి బావమరిదికి ఇవ్వలేక, పొగరుతో నా తమ్ముణ్ణి చావు కింద నిలబెట్టాడని నా కోపం.

"నువ్వు పట్టేసిందంటే నేను వదిలేస్తా" అన్నాడు చిన్నోడు. "ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. నీకు తెలుసా అది?"

"తెలుసు."

"తెలిసి కూడా చెప్పలేదా?"

"తెలుసు కాబట్టే చెప్పలేదురా." మా ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళయ్యాక ఆయన కళ్ళలో నీళ్ళు నేనెప్పుడూ చూడలేదు. "చెబితే మర్నాటి నుంచి తలెత్తి చూస్తావు. చూడక ఏం చేస్తావు? అది నేను తట్టుకోలేననుకున్నా."

నా కోపం పోలేదు. కానీ దాని కింద నేల కదిలినట్టయింది. నేను పొగరనుకున్నది పొగరు కాదు. లోకంలో ఆయన మాటను తలెత్తి చూడకుండా నమ్మే మనిషి ఒక్కడే ఉన్నాడు, వాణ్ణి పోగొట్టుకుంటానని భయం.

 చిన్నోడు లేచి, ప్యాంటు దులుపుకొని, గోడకు చేర్చిన మిగతా అద్దాల వైపు చూశాడు.

"చెయ్యి బాగయ్యాక రా. పైన నేనుంటా" అన్నాడు. "కింద నువ్వు నిలబడతావా బావా? నేను పట్టేసిందంటే, నా వంక చూడకుండా వదిలేస్తావా?"

మా ఆయన వంగి, మెట్ల మీద పడి ఉన్న బిళ్ళను ఎడమ చేత్తో తీసి, వాడి ముఖం వంక చూడకుండా వాడి చేతిలో పెట్టాడు.